బావ గీసిన చలికాలం ఒంటె

నా రాత బాగుండదు. ముందే చెప్తున్నాను, కోప్పడకండి. బ్రష్ పట్టి గోడ మీద రాస్తే నా అక్షరం నిలబడుతుంది, పెన్ను పట్టి కాగితం మీద రాస్తే కూలబడుతుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మా పల్లె బడిలో ఎంత చెప్పారో అంతే వచ్చు. అచ్చు వేసేవాళ్ళు దిద్దుతామన్నారు. వాళ్ళు దిద్దగా మిగిలిన తప్పులను మీరు దిద్దుకుని చదవండి.

మా బావ చనిపోయాడు. మా అక్క భర్త. పోయిన నెల, ఊళ్ళో, తన మంచం మీదనే.

ఆ రోజు నేను జిద్దాలో షరఫియా వెనక సందులో ఒక పాత బిల్డింగు మెట్లకు రంగు వేస్తున్నాను. నిచ్చెన మీద ఉండగా జేబులో ఫోను మోగింది. చూస్తే అక్క. అక్క పని వేళలో చేయదు. ఈ దేశంలో ఉన్నవాళ్ళకు ఇంటి నుంచి వేళ కాని వేళ ఫోనొస్తే ముందు తోచేది చావు కబురే. మా అక్కకు చాలా ఏళ్ళుగా కిడ్నీల జబ్బు. ఆ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని, అక్క గురించే వస్తుందని నేను ఇన్నేళ్ళూ భయపడుతూ బతికాను. అందుకే ఆమె గొంతే వినబడేసరికి ముందు గుండె కుదుటపడింది.

"తమ్మీ, తిన్నవా?" అంది.

"ఇంకా లేదక్కా. పనిల ఉన్న. నువ్వు మంచిగున్నవా?"

"నేను మంచిగనే ఉన్న. ఛాయ్ పెట్టి మీ బావను లేపిన. లేవలే రా."

తర్వాత ఆమె ఏమందో, నేను ఏమన్నానో గుర్తు లేదు. నిచ్చెన దిగాను. బ్రష్ కడిగాను. డబ్బాలో రంగు ఇంకా ఉంది, పని సగం కూడా కాలేదు, అయినా కడిగాను. ఎందుకు కడిగానో కింద రాస్తాను.

ఊరికి పోవడానికి కుదరలేదు. ఎందుకు కుదరలేదో ఇక్కడున్న మీకు నేను చెప్పాలా? అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఎక్కువ మాట్లాడటం రాదు. పెళ్ళిళ్ళలో కూడా నేను వంటల దగ్గరే ఉంటాను. కానీ బావ గురించి ఎవరో ఒకరు రాయాలి కదా. ఆయనకు నాకన్నా దగ్గరివాళ్ళలో రాత వచ్చినవాళ్ళు లేరు.

మేమిద్దరం మొదట సౌదీలోనే హఫర్ అల్ బాతిన్ ఊళ్ళో, మాకు వీసా ఇచ్చిన యజమాని, ఒకే కఫీల్ దగ్గర బోర్డులు రాసేవాళ్ళం. ముందు ఆయన పోయాడు, తర్వాత నన్ను పిలిపించుకున్నాడు. మాకిద్దరికీ అరబ్బీ చదవడం రాదు. కఫీల్ ఒక కాగితం మీద పేరు రాసిచ్చేవాడు. దాన్ని చూసి బోర్డు మీద పెద్దగా రాయాలి. రొట్టెల దుకాణం, టైర్ల దుకాణం, మంగలి షాపు, ఏదైనా సరే. మేము రాసింది ఏమిటో బోర్డు కింద ఏం అమ్ముతున్నారో చూసి తెలుసుకునేవాళ్ళం.

బావ పొట్టిగా ఉండేవాడు. నడుముకు ఎప్పుడూ ఒక పాత గుడ్డ చెక్కుకునేవాడు. పని మొదలుపెట్టే ముందు బోర్డు కింద ఎడమ మూలన చిన్న చుక్క పెట్టేవాడు. రంగు చిక్కగా ఉందా, పలచగా ఉందా చూసుకోవడానికి. పని అయ్యాక ఆ చుక్కను కప్పేసేవాడు. కొన్నిసార్లు మరిచిపోయేవాడు. నేను గుర్తు చేస్తే, "ఉండనియ్‌రా బామ్మర్దీ, దిష్టి చుక్క" అనేవాడు.

ఆయన రాసేటప్పుడు తన చేతిని చూసుకునేవాడు కాదు. కళ్ళు ఎప్పుడూ కాగితం మీదనే. చెయ్యి దాని దారిన అది పోయేది, భుజం దగ్గర నుంచి మొత్తం కదిలేది. నేను మాత్రం బ్రష్ కొనను చూస్తూనే రాసేవాణ్ణి. ఇప్పటికీ అంతే. దానికి బావ నవ్వేవాడు.

"ఏంరా, నీ చెయ్యి ఎటన్న పారిపోతదని కావలి కాస్తున్నవా?"

"చూడకుంటే వంకర పోతది బావా."

"చూస్తేనే పోతది. నమూనా మీదికెల్లి కన్ను తియ్యకు. చెయ్యికి పని తెలుసు."

ఒకసారి నన్ను బిల్డింగు మీది అంతస్తు బోర్డుకు ఎక్కించారు. పరంజా గాలికి ఊగుతోంది. నేను కడ్డీ పట్టుకుని కదలలేదు. బావ పక్కకు వచ్చి తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. ఒక చిన్న డబ్బాలో కిరసనాయిలు పోసి నా ముందు పెట్టాడు. "భయమైతే బ్రష్ కడుగు" అన్నాడు. కడిగాను. వెంట్రుకల మధ్య నుంచి రంగు దిగిపోయేదాకా బొటనవేలితో రుద్దుతూ కడిగాను. అయ్యేసరికి చెయ్యి కడ్డీని వదిలేసి చాలాసేపయిందని తెలిసింది. అప్పటి నుంచి నాకు అదే అలవాటు.

తర్వాత కొన్నేళ్ళకు బావ చెయ్యి వణకడం మొదలైంది.

నేను ముందు ఛాయ్ గ్లాసు దగ్గర చూశాను. గ్లాసు సాసర్‌కు తగిలి చప్పుడయ్యేది. కొన్నాళ్ళకు ఆయన కాగితం కప్పులో తాగడం మొదలుపెట్టాడు. కాగితం కప్పు చప్పుడు చేయదు. తర్వాత, "నిలువు గీతలన్నీ నువ్వు గియ్యి, నాకు మెడ నొస్తున్నది" అన్నాడు. అరబ్బీలో నిలువు గీతలు చాలా ఉంటాయి. వంపు తిరిగే చోట చిన్న వణుకు కనబడదు, నిలువు గీతలో దాక్కోదు. నేను సరేనన్నాను. ఆయనకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలుసు. మేము ఆ మాట ఎత్తలేదు. కఫీల్‌కు మాత్రం తెలియకూడదు. తెలిస్తే ఖురూజే, ఇంటికి పంపేస్తాడు. బావ ఇంటికి పోతే అక్క వైద్యం ఆగిపోతుంది. మా ఇంట్లో వేరే సంపాదన లేదు. నాది నా పిల్లలకే చాలదు.

అప్పుడే, ప్రతి దుకాణంలో సౌదీవాళ్ళకు పనివ్వాలనే నితాఖత్ చట్టం గట్టిగా పట్టుకుంది. మా దుకాణంలో సౌదీవాళ్ళు పనిచేయడం లేదని దాన్ని ఎరుపులో పెట్టారు. ఎరుపులో ఉన్న దుకాణం వాళ్ళకు ఇకామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. దానికి తోడు పరాయి దేశం మనిషికి ఇంత అని కఫీల్ సర్కారుకు కట్టవలసింది ఏడాదికేడాది పెరుగుతోంది. బావ ఇకామా గడువు దాటిపోయింది. నాది దగ్గర పడింది. ఇద్దరం దుకాణం, గది, మళ్ళీ దుకాణం. రోడ్డు మీద పోలీసు బండి లైటు కనబడితే బావ ఏ దుకాణం ఉంటే ఆ దుకాణంలోకి దూరేవాడు. ఒకసారి ఆడవాళ్ళ బురఖాలు అమ్మే చోటికి దూరి, మళ్ళీ వెనక్కి రాలేక, పోనీ పట్టుకున్నా ఫరవాలేదు అన్నట్టు గుమ్మంలో నిలబడిపోయాడు. ఆ రోజు గదికి వచ్చాక నవ్వుకున్నాం. నవ్వుతున్నప్పుడు కూడా ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది.

ఒక రోజు కఫీల్ మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఆయన పెద్దమనిషి. ఊరి బయట ఒంటెలు ఉన్నాయి. చెడ్డవాడు కాదు, ఆయన భయం ఆయనకుంది. సగం అరబ్బీ, సగం హిందీలో చెప్పాడు.

"బ్రష్ పని ఖలాస్. ఇప్పుడు అందరికీ మిషన్ బోర్డు కావాలి. మిషన్‌కు బంగ్లాదేశీ ఉన్నాడు. కంప్యూటర్‌లో బొమ్మ గీసే నఫర్ ఒక్కడు చాలు. మీ ఇద్దరిలో ఎవరికి వస్తే వాడికి ఎట్లాగైనా ఇకామా చేయిస్తాను. రెండోవాడు వేరే కఫీల్‌ను వెతుక్కోవాలి, లేదా ఖురూజ్. గీయడానికి ఏదో పలక ఉంటుందట, పోయి కొనుక్కోండి. బిల్లు నేను కడతాను. ఒక్కసారే. తప్పు సామాను తెస్తే నన్ను మళ్ళీ అడగొద్దు."

బావ సరేనని "తయ్యిబ్" అన్నాడు. లోపలికి పోయి ఉన్న బ్రష్‌లన్నీ తీసి కడిగాడు. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

ఆ పలకను ఎంచుకోవడానికి ఎంత భయపడ్డామో మీకు చెప్పాలి. ఇప్పుడు పిల్లలు ఫోనులో చూసి తెప్పించుకుంటారు. మేము అంతవరకు ఆ వస్తువును కళ్ళతో చూడలేదు. మొదటిది, ఒకే ఒక్కటి, తప్పకూడదు. పైగా గడువు దాటిన ఇకామా జేబులో పెట్టుకుని బజారు నడిబొడ్డుకు పోవాలి. మధ్యాహ్నం నమాజుకు దుకాణాలు మూసి తెరిచే వేళ, జనంలో కలిసి పోయాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాణ్ణి ఎవరూ ఆపరని ఆయన నమ్మకం.

కంప్యూటర్ల దుకాణంలో ఒక కేరళ అతను ఉన్నాడు. చదువుకున్న మనిషి, ఓపిక ఉన్న మనిషి. మమ్మల్ని చూసి చార్జరు కోసం వచ్చామనుకున్నాడు. బావ హిందీలో, "బొమ్మ గీసే పలక కావాలె. మొదటిసారి" అన్నాడు. అతను నవ్వలేదు. మూడు తీసి బల్ల మీద పెట్టి, కంప్యూటర్‌కు తగిలించి, "గీసి చూడండి చాచా" అన్నాడు.

మొదటిది చిన్నది, అరచెయ్యంత. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది చాలన్నాడు. బావ ప్లాస్టిక్ పెన్ను పట్టుకుని భుజం కదిపాడు. పెన్ను పలక దాటి బల్ల మీదికి పోయింది. మళ్ళీ గీస్తే మళ్ళీ పోయింది.

"నా చెయ్యి దీంట్ల పట్టదురా" అన్నాడు.

రెండోది అద్దంలా ఉంది. లోపల వెలుగు. పెన్ను ఎక్కడ పెడితే అక్కడే గీత. నేను గీసి చూశాను. నిజంగా బోర్డు మీద రాసినట్టే ఉంది, చెయ్యి కనబడుతుంది, గీత కనబడుతుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"బావా, ఇదే తీసుకుందం. ఇదైతే నాకొస్తది."

బావ దాని మీద చెయ్యి పెట్టి ఆగాడు. కింది నుంచి వచ్చే వెలుగులో ఆయన వేళ్ళ వణుకు మామూలు కన్నా ఎక్కువగా కనబడింది. నీడ కూడా వణికింది. పెన్ను మెల్లగా కింద పెట్టాడు.

"వద్దు. ఇది చెయ్యిని చూపిస్తది."

రేపు దుకాణంలో కఫీల్ పక్కన నిలబడి ఆ అద్దంలోకి వంగి చూస్తున్నట్టు నా కళ్ళకు కట్టింది.

మూడోది నల్లగా, మామూలు బడి పలక కన్నా కొంచెం పెద్దగా ఉంది. దాని మీద ఏమీ పడదు. దాని మీద గీస్తే గీత ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద వస్తుంది. "దీనికి కొంచెం అలవాటు కావాలి చాచా. చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట ఉండాలి" అన్నాడు కేరళ అతను. ఆ మాట వినగానే బావ ముఖం మారింది. ఆయన జీవితమంతా అట్లాగే రాశాడు కదా. చూపు కాగితం మీద, చెయ్యి బోర్డు మీద.

మూలన చుక్క పెట్టాడు. నిలువు గీత గీయడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని యూనిఫాం వేసుకున్న పోలీసు లోపలికి వచ్చాడు.

బావ ఆగలేదు. ఆగితే అనుమానం వస్తుందనుకున్నాడేమో. గీస్తూనే ఉన్నాడు. తెర మీద గీత రంపం పళ్ళలాగా దిగుతోంది. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. పోలీసు ఫోను కేబులు అడిగాడు. కేరళ అతను కేబులు తీసిచ్చి, మా దగ్గరికి వచ్చి, తెరను చూశాడు, బావ చేతిని చూశాడు. మౌసు పట్టుకుని తెర మీద ఒక చిన్న గుండీని పక్కకు జరిపాడు. "మళ్ళీ గీయండి" అన్నాడు.

బావ గీశాడు. చెయ్యి అట్లాగే వణుకుతోంది. తెర మీద గీత మాత్రం తిన్నగా దిగింది, తీగ లాగి కట్టినట్టు.

పోలీసు వెళ్తూ వెళ్తూ తెర వైపు చూసి తల ఊపి, తలుపు వేసుకుని పోయాడు. బావ చాలాసేపు ఆ గీతనే చూశాడు.

"ఇది ఎవలు గీసిండ్రురా?" అన్నాడు నాతో.

"నువ్వే బావా."

"నేను గియ్యలే."

మూడోదే తీసుకున్నాం. గదికి పోయేదాకా బావ ఆ డబ్బాను చొక్కా లోపల పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నాడు.

మరునాడు దుకాణంలో బంగ్లాదేశీ భాయ్ దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, బల్ల మీద పెట్టి, కుర్చీ వేశాడు. బావ కూర్చుని ఒక గీత గీసి లేచాడు. నేను భోజనానికి పోయి వచ్చేసరికి ఆ పలక గోడ మీద ఉంది. స్టిక్కర్లకు వాడే రెండు వైపులా అంటుకునే టేపుతో, ఛాతీ ఎత్తున, బోర్డు పెట్టినట్టే పెట్టాడు. వైరు చాలక కంప్యూటర్‌ను బల్లతో సహా గోడ దగ్గరికి లాగాడు.

భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చాచా, టీవీ లగాయా క్యా?"

"జీవితం మొత్తం నిలబడి గీసిన. కూసుంటే నా చెయ్యికి నిద్రొస్తది" అని బావ నాతో తెలుగులో అని, భాయ్‌తో హిందీలో, "నీ పని నువ్వు చూసుకో బాబా" అన్నాడు.

నమాజుకు షట్టర్ దించిన ప్రతిసారీ లోపల మా సాధన. బయట ఎవరైనా షట్టర్‌ను తడితే ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. బావ గీత గీసిన ప్రతిసారీ ప్లాస్టిక్ పెన్నును నడుము గుడ్డకు తుడిచేవాడు. దానికి రంగే లేదు. అయినా ఇటు ఒకసారి, అటు ఒకసారి తుడిచి మళ్ళీ గీసేవాడు. కేరళ అతను చూపించిన, వణుకును సరిచేసే ఆ గుండీని ప్రతిసారీ జరిపేవాడు. గీతలు తిన్నగా వచ్చేవి.

నాకు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. పలకను చూస్తే అక్కడ ఏమీ లేదు, తెరను చూస్తే చెయ్యి తప్పిపోతుంది. నా చెయ్యి వణకదు, కానీ నా చెయ్యి నాకు కనబడకపోతే నాకు భయం. బావ కోప్పడేవాడు.

"నేర్చుకోరా. నీకు రాకుంటే నువ్వెటు పోతవ్?"

"నాకొస్తే నువ్వెటు పోతవ్ బావా?"

షట్టర్ ఎత్తేదాకా ఆయన పెన్ను తుడుస్తూనే ఉన్నాడు.

కఫీల్ పరీక్ష పెట్టిన రోజు వచ్చింది. ఆయన దోస్తు ఒకాయన ఒంటె పాల దుకాణం పెడుతున్నాడు. దాని బోర్డుకు ఒంటె బొమ్మ కావాలి. కఫీల్ తన ఒంటె ఫోటోను ఫోనులో చూపించి, దాన్ని కంప్యూటర్ పక్కన నిలబెట్టి, గహ్వా కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని మా వెనక కుర్చీలో కూర్చున్నాడు. "ముందు ఎవరు?" అన్నాడు. నన్నే చూసి అన్నాడు. నా గీతలు తిన్నగా ఉంటాయని ఆయనకు నా మీదనే గురి. బావే గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అప్పుడు అర్థమయింది నాకు, ఆ పలక గోడ మీద ఉండటం ఎంత మంచిదయిందో. బావ వీపు కఫీల్ వైపు ఉంది. చెయ్యి వీపుకు చాటుగా ఉంది. కఫీల్‌కు తెర మాత్రమే కనబడుతోంది.

బావ మూలన చుక్క పెట్టాడు. ఒంటె తల దగ్గర మొదలుపెట్టాడు. గీత వణికింది.

గుండీ జరపలేదు. ఆ పొద్దున కరెంటు పోయి వచ్చింది, భాయ్ అంతా కొత్తగా తెరిచాడు, ఆ గుండీ మొదటి చోటికి పోయింది. ఎవరూ చూసుకోలేదు. భాయ్ నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేకపోయాను. ఇప్పుడు చెప్తే కఫీల్ ఎందుకని అడుగుతాడు.

బావ కూడా చూశాడు. ఆయన భుజాలు ఆగిపోయాయి. ఆయన పెన్నును నడుము గుడ్డకు తుడిచాడు. ఇటు తుడిచాడు. అటు తుడిచాడు. ఇక తిరిగి చూస్తాడు, అయిపోయింది, అక్కకు ఏం చెప్పాలి అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. ఆయన తిరగలేదు. ఫోటో మీద చూపు పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. మెడ, మూపురం, నడుము, తోక, కాళ్ళు, ఎక్కడా ఆపకుండా, భుజం దగ్గర నుంచి. గీత మొదటి నుంచి చివరిదాకా వణుకుతూనే పోయింది.

కఫీల్ లేచాడు. కుర్చీ చప్పుడు నా వీపులో వినబడింది. తెర దగ్గరికి పోయి, వంగి, ఒంటె మెడ మీద వేలు పెట్టి కింది నుంచి మీదికి నిమిరాడు.

"షితా?" అన్నాడు.

బావకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని నేను, "అయ్‌వా, అయ్‌వా" అన్నాను. అవునని.

కఫీల్ పెద్దగా నవ్వాడు. తర్వాత భాయ్‌తో అరబ్బీలో చాలాసేపు చెప్పాడు. భాయ్ మాకు హిందీలో చెప్పాడు. చలికాలంలో ఒంటెకు ఒళ్ళంతా వెంట్రుకలు పెరుగుతాయట. గాలికి మెడ మీది వెంట్రుకలు లేస్తాయట. ఊళ్ళో వాళ్ళంతా ఒంటెను ప్లాస్టిక్ బొమ్మలాగా నున్నగా గీస్తారట. ఇది అసలు ఒంటెను చూసినవాడు గీసిన ఒంటె అని, తన ఒంటెను చలికాలంలో చూసినట్టే ఉందని అన్నాడట. షితా అంటే చలికాలమట.

బావ చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు. "షుక్రన్" అన్నాడు. థాంక్స్ అని.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాం. ఆయన ముద్ద ఎత్తలేదు.

"వణుకును ఎంట్రుకలనుకున్నడురా బామ్మర్దీ."

"అనుకోనియ్ బావా. మంచిదే కదా."

"మంచిదే. మరి రేపు ఫోన్ల దుకాణం బోర్డు గియ్యమంటే? ఫోన్లకు ఎంట్రుకలుంటయా?"

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కండువాతో ముఖం మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

కఫీల్ నన్ను ఇక గీయమనలేదు, పని బావకే ఇచ్చి ఇకామా చేయించాడు. తర్వాత అన్నిటికీ బావ గుండీ జరిపే గీశాడు. ఒంటెను కూడా ఒకసారి నున్నగా చేసి చూపిస్తే, కఫీల్ వద్దన్నాడు, మొదటిదే ఉంచమన్నాడు. బావకు అది లోపల సంతోషం. "మిగతావన్నీ మిషన్ గీతలురా. ఒంటె ఒక్కటి నాది" అని ఒక్కసారే అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

నాకు జిద్దాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ దొరికింది. కఫీల్ కాగితాలు మంచిగానే ఇచ్చాడు. బోర్డు తయారు కాకముందే నేను బయల్దేరాను. బావ బస్సు దాకా వచ్చాడు. ఎప్పటిలాగే కుడి చెయ్యి జేబులో. బస్సు కదిలాక ఆయన చెయ్యి బయటికి తీసి ఎత్తాడు. దూరం నుంచి చూస్తే అది వణుకో, చెయ్యి ఊపడమో ఎవరూ చెప్పలేరు. బస్సు మలుపు తిరిగేదాకా అట్లాగే ఎత్తి ఉంచాడు. అన్నేళ్ళలో ఆయన నలుగురిలో ఆ చెయ్యిని అంతసేపు బయట ఉంచడం నేను చూడలేదు.

ఆ తర్వాత నేను ఆయనను చూడలేదు. ఫోనులో మాటలే. దుకాణం కొన్నాళ్ళు నడిచింది, అక్క వైద్యం నడిచింది. తర్వాత కట్టేది ఇంకా పెరిగి, కఫీల్ దుకాణం మూసేశాడు. బావను పోలీసులు పట్టుకోలేదు, తర్హీల్ జైల్లో పెట్టలేదు. సక్రమంగా ఖురూజ్ కొట్టించుకుని ఇంటికి పోయాడు. మన వాళ్ళకు అది ఎంత పెద్ద మాటో మీకు తెలుసు. పోయేటప్పుడు ఆ పలకను కఫీల్ ఆయనకే ఇచ్చేశాడు. అక్క వైద్యానికి ఆ తర్వాత చేను అమ్మారు. ఇప్పటికి నడుస్తోంది.

మొన్న అక్కతో మాట్లాడితే ఒక సంగతి చెప్పింది. ఆ పలకను బావ ఇంటి గోడకు కూడా అతికించాడట. ఇంట్లో కంప్యూటర్ లేదు. వైరు కింద వేలాడుతూ ఉండేదట. అయినా పొద్దున ఛాయ్ తాగి దాని ముందు నిలబడి గీసేవాడట.

"ఏం గీస్తున్నవయ్యా, ఏం కనబడకపాయె అంటే, ఒంటె అంటడు. గీసి గీసి ఆ పెన్నును గుడ్డకు తుడుస్తడు. నాకు నవ్వొచ్చేది తమ్మీ" అంది. మళ్ళీ తనే, "ఆ ఒంటె ఎట్లుంటదిరా? నువ్వన్న చూసినవా?" అంది.

నేను తెర మీద చూశాను. బోర్డు మీద చూడలేదు. నాకు ఫోటో తీసుకోవాలని కూడా తోచలేదు, ఆ రోజు అంత భయంలో ఉన్నాం. దుకాణం కంప్యూటర్ ఎక్కడికి పోయిందో తెలియదు. భాయ్ నంబరు కలవదు. బావ చేత్తో రాసిన పాత బోర్డులన్నీ ఎప్పుడో పీకేశారు. ఆయన గీతల్లో ఇప్పుడు ఎక్కడైనా మిగిలి ఉంటే అదొక్కటే.

అందుకే ఇది రాస్తున్నాను. హఫర్ అల్ బాతిన్‌లో ఉండి దీన్ని చదివే మీలో ఎవరైనా, శుక్రవారం వీలు చూసుకుని ఒకసారి పోండి. ఊరి నుంచి ఒంటెల సంత వైపు పోయే దారిలో, టైర్ల దుకాణాలు దాటాక, ఒంటె పాలు అమ్మే దుకాణం. లోపల లైటు ఉండే తెల్ల ప్లాస్టిక్ బోర్డు మీద గోధుమ రంగు స్టిక్కరు. పాత బోర్డులు మార్చమని బలదియా, అదే మున్సిపాలిటీ, వాళ్ళు అడుగుతున్నారని ఈ మధ్య ఎవరో అన్నారు. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా పోవడం లేదు.

ఆ దారిలో ఒంటె బోర్డులు ఇంకా ఉండవచ్చు. పొరబడకుండా చూడండి. కింద ఎడమ మూలన చిన్న చుక్క ఉంటుంది, భాయ్ దాన్ని తీయలేదని బావ ఫోనులో చెప్పాడు. మెడ మీద వెంట్రుకలు గాలికి లేచినట్టు ఉంటాయి. ఆ గాలి మా బావ చెయ్యి. లైటు వెలిగాక సాయంత్రం వేళ ఒక ఫోటో తీసి, పత్రిక వాళ్ళకు పంపితే నాకు అందజేస్తారు. బోర్డు ఉంటే ఉందని, తీసేసి ఉంటే తీసేశారని, ఏదైనా సరే దయచేసి తొందరగా రాయండి. అక్క ఎదురుచూస్తోంది.